చెయ్యి అడిగేది, ఇంజిన్ ఇచ్చేది

షోరూంలో మోడ్ బటన్ చూపించి సేల్స్ కుర్రాళ్లు చెప్పే మాటలు వింటే, ఒకే ఇంజిన్‌లో మూడు నాలుగు ఇంజిన్లు దాచారేమో అనిపిస్తుంది. స్పోర్ట్ నొక్కితే కొత్త బలమేమీ పుట్టదు. ఉన్న బలాన్ని ఎప్పుడు, ఎంత వదలాలన్నదే మారుతుంది.

పాత బళ్లలో యాక్సిలరేటర్‌ని ఇంజిన్‌తో కలిపేది ఒక కేబుల్. ఎంత తిప్పితే గాలి దారి అంత తెరుచుకునేది. ఇప్పుడు మోడ్‌లున్న బళ్లలో చాలావాటికి ఆ కేబుల్ లేదు. హ్యాండిల్ దగ్గరి సెన్సర్ చెయ్యి ఎంత తిరిగిందో ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి చెబుతుంది. ఈసీయూ లెక్క చూసుకుని, థ్రాటిల్ బాడీలోని గుండ్రటి పలకను ఒక చిన్న మోటారుతో తిప్పిస్తుంది. దీన్నే రైడ్ బై వైర్ అంటారు. మోడ్‌ని బట్టి మారేది ఆ లెక్కే.

ఆ పలక గుణం కూడా తెలియాలి. తక్కువ ఆర్‌పీఎంలో అది సగం తెరుచుకునేలోపే ఇంజిన్ పీల్చగలిగినంత గాలి దాదాపు వచ్చేస్తుంది. ఆ పైన ఎంత తిప్పినా పెద్ద తేడా ఉండదు. అందుకే ఆటంతా మొదటి పిసరు తిప్పుడులోనే. స్పీడ్ బ్రేకర్ దిగి, రెండో గేర్లో మళ్లీ రేజ్ ఇచ్చే క్షణం చూడండి. స్పోర్ట్‌లో అయితే చైన్‌లోని వదులు టక్కున బిగుసుకుంటుంది, బండి ముందుకు ఉరుకుతుంది, వెనక కూర్చున్నవాళ్లు ఒక్కసారిగా వెనక్కి తూలతారు. రెయిన్ మోడ్‌లో అదే చెయ్యి, అంతే తిప్పుడు. పలక మాత్రం నెమ్మదిగా, తక్కువగా తెరుచుకుంటుంది.

ఇక్కడ స్పందనను మార్చడం, బలాన్ని తగ్గించడం అనే రెండు వేర్వేరు పనులు ఒకే బటన్ కింద కలిసిపోయాయి. 2007లో వచ్చిన సుజుకి జీఎస్ఎక్స్-ఆర్1000లో ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. దానికి కేబుల్ ఉంది. కానీ గాలి దారిలో కంప్యూటర్ నడిపే రెండో పలక కూడా ఉంది. ఎ మోడ్‌లో ఇంజిన్ బలం మొత్తం దొరికేది. బి మొదట మెత్తగా మొదలై పై ఆర్‌పీఎంలో పూర్తి బలానికి చేరేది. సి మాత్రం అన్నిచోట్లా కోత పెట్టేది. అంటే బి స్పందనను మార్చింది, సి బలాన్నే తగ్గించింది.

మన రోడ్ల మీద తిరిగే 2020 నాటి టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310 కోత పెట్టే రకం. స్పోర్ట్, ట్రాక్ మోడ్‌లలో 34 పీఎస్. అర్బన్, రెయిన్‌లలో 25.8 పీఎస్. యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పినా అంతే. టాప్ స్పీడ్ కూడా గంటకు 160 కిలోమీటర్ల నుంచి 125కి దిగుతుంది. కొనేముందు బ్రోషర్‌లో ఒక్కో మోడ్‌కి విడిగా పవర్ అంకెలు ఇచ్చారో లేదో చూడండి, ఏ రకమో తెలిసిపోతుంది.

మైలేజీ సంగతి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోవడానికి కావలసిన బలం ఏ మోడ్‌లోనైనా ఒకటే. ఎకో మోడ్‌లో చెయ్యి ఇంకాస్త ఎక్కువ తిప్పుతాం, అంతే. పెట్రోలు మిగిలేది ఎగిరెగిరి పడే చేతులకే!

తొలకరి జల్లుకి రోడ్డు మీది ఆయిల్ తేలినప్పుడు రెయిన్ మోడ్ నిజంగానే అక్కరకొస్తుంది. రేజ్ ఎక్కువై వెనక చక్రం జారే ప్రమాదం తగ్గుతుంది. కొన్ని బళ్లలో ఏబీఎస్ కూడా తొందరగా అందుకుంటుంది. అరిగిన టైర్‌కి మాత్రం ఏ మోడ్‌తోనూ పట్టు రాదు.

రెండు వరుసల రోడ్డు మీద లారీని దాటాల్సి వస్తే, కోత పెట్టే మోడ్‌లో బండి అనుకున్నంత లాగదు. పైగా చాలా బళ్లలో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితేగానీ కొత్త మోడ్ అమల్లోకి రాదు. ఎదురుగా బస్సు కనిపించాక చెయ్యి వదిలి బటన్ నొక్కే వ్యవధి ఉండదు గనక, లారీ వెనక ఉండగానే స్పోర్ట్‌లోకి మార్చుకోవాలి.