తడి తెలిసిన చేతి వంట

మృగశిర దాటి నాలుగు మంచి వానలు పడ్డాయంటే బొంతపల్లిలో రెండు రకాల ఆకలి కనిపిస్తుంది. మక్క చేనులో కలుపు తీసి, మోకాళ్లదాకా బురదతో ఇంటికి వచ్చే పొలం ఆకలి ఒకటి. మందుల కంపెనీలో నైట్ షిఫ్ట్ దిగి, తడిసిన బట్టలతో గదికి చేరే షిఫ్టు ఆకలి ఇంకొకటి. వీరభద్రస్వామి గుడితో పేరుపడ్డ ఈ ఊరు ఒకప్పుడు మెదక్ జిల్లాలోది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక సంగారెడ్డి జిల్లాలోకి చేరింది. ఒక దిక్కున నర్సాపూర్ అడవి, మరో దిక్కున గడ్డపోతారం, ఖాజీపల్లి మీదుగా పటాన్‌చెరు దాకా ఫ్యాక్టరీల గొట్టాలు. ముసురు పట్టిన రోజున పొలం నుంచి వచ్చినవాళ్లూ, ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాళ్లూ వెతికేది ఒక్కటే. వేడిగా, కారంగా, తిన్నాక రెండు పూటలు కడుపులో నిలబడేది కావాలి.

వానాకాలం తిండి అనగానే మిరపకాయ బజ్జీ, ఉల్లిగడ్డ పకోడీ అనేస్తాం. అవి మంచివే. కానీ తెలంగాణ వంటిల్లు ఈ కాలానికి దాచిపెట్టుకున్న సంపద అంతకంటే చాలా పెద్దది. సర్వపిండి, మక్క గారెలు, పేలపిండి, గుడాలు, జొన్నరొట్టె, వాన మొలిపించిన ఆకుకూరలు, ఎండాకాలంలో చేసిపెట్టుకున్న వరుగులు అన్నీ ఇందులోవే. ఇవి వేరువేరు వంటల్లా కనిపించినా వీటన్నిటి వెనకా ఉన్నది ఒకే నేర్పు. ఎక్కడ తడిని ఉంచాలి, ఎక్కడ పోగొట్టాలి, ఎంతసేపట్లో పోగొట్టాలి అన్న లెక్క అది. గాలి నిండా తేమ ఉండే కాలంలో నీటిని చెప్పుచేతల్లో పెట్టుకోవడమే వానాకాలపు పాకశాస్త్రం.

ఎండలోనే మొదలయ్యే వానాకాలం

ఈ వంట వైశాఖంలోనే మొదలవుతుంది. కాకరకాయ, గోరుచిక్కుడు, వంకాయ, టమాట, మామిడికాయ ముక్కలు కోసి మిద్దె మీద ఎండబెట్టి వరుగులు చేస్తారు. గాటు పెట్టిన పచ్చిమిరపకాయలను పుల్లటి సల్లలో నానబెట్టి, పగలు ఎండకు పోసి, రాత్రి మళ్లీ అదే సల్లలో వేస్తారు. సల్లంతా ఇంకి, కాయ తెల్లబడి గలగలలాడేదాకా ఈ తిప్పుడు సాగుతుంది. నీరు పోయిన కూరగాయలో బూజుకూ క్రిములకూ బతుకు లేదు. అందుకే డబ్బా మూత గట్టిగా ఉంటే వరుగు ఏడాది ఆగుతుంది.

జూలైలో వారం రోజులు ముసురు వదలక, అంగడికి పోయే దారే లేనప్పుడు ఈ కష్టం విలువ తెలుస్తుంది. గుప్పెడు వరుగులు నానేసి పప్పులో వేస్తే కూర సిద్ధం. వేడన్నంలో ముద్దపప్పు, పక్కన మిరియాల చారు, నూనెలో నల్లగా వేగిన సల్ల మిరపకాయ ఉంటే చాలు, ప్రాణం లేచి వస్తుంది.

కాలం మారిందని చెప్పే తిళ్లకు ముహూర్తాలు కూడా ఉన్నాయి. జూన్ మొదటి వారం దాటాక వచ్చే మృగశిర కార్తె నాడు చేపలు తినడం తెలంగాణలో ఆనవాయితీ. చేపలు తిననివాళ్లు ఇంగువ, బెల్లం కలిపి మింగుతారు. ఆషాఢ శుద్ధ ఏకాదశికి, అంటే తొలి ఏకాదశికి, పేలపిండి. జొన్నలను కాలిన మూకుట్లో పోసి కలియబెడితే గింజ లోపలున్న కొద్దిపాటి తేమ ఆవిరై, దారి దొరక్క గింజను చీల్చుకుని వస్తుంది. గింజ మరీ ఎండిపోయినా పేలదు, మరీ పచ్చిగా ఉన్నా పేలదు. అందుకే పాత జొన్నలైతే కొందరు కాసిన్ని నీళ్లు చిలకరించి, బట్టలో మూటగట్టి, తర్వాత పేలుస్తారు. పేలాలను విసిరి, బెల్లం, యాలకులు, కాస్త శొంఠి కలిపి దంచితే పేలపిండి. వర్ష ఋతువులో జఠరాగ్ని మందగిస్తుందని, తేలిగ్గా వెచ్చగా ఉండే ఆహారం తీసుకోవాలని ఆయుర్వేదం చెబుతుంది. పేలిన గింజ అరగడానికి తేలిక, శొంఠి వెచ్చన. పండుగ పేరుతో ఆ మాటను ఇంటింటి నోటికి అందించారు పెద్దలు.

సర్వపిండి: ఒక్క గిన్నెలో మూడు వంటలు

ఈ కాలపు వంటల్లో నేర్పు ఎక్కువ కోరేది సర్వపిండి. వరంగల్, కరీంనగర్ వైపు దీనికి పేరెక్కువ. కొన్ని ఊళ్లలో సర్వప్ప అని, గిన్నప్ప అని అంటారు. ఆంధ్ర వైపు తపాలచెక్క దీనికి దగ్గరి చుట్టం.

రెండు గ్లాసుల బియ్యప్పిండికి గుప్పెడు నానిన శనగపప్పు, గుప్పెడు వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లాకు లేదా ఉల్లిగడ్డ, కరివేపాకు, కొత్తిమీర, జీలకర్ర, ఎల్లిగడ్డ వేసి నూరిన కారం, ఉప్పు కావాలి. ముందు ఇవన్నీ పొడిగానే కలిపి, ఉల్లిగడ్డను చేత్తో పిసకాలి. ఉప్పు తగలగానే ఉల్లిగడ్డ నీరు వదులుతుంది. పిండికి కావలసిన తడిలో మొదటి వంతు అక్కడే దొరుకుతుంది. తర్వాతే నీళ్లు, అవీ చేతిలో పోసుకుని కొద్దికొద్దిగా. పిండి గిన్నెకు అంటుకోవాలి, జారకూడదు. వాన రోజుల్లో పిండి కూడా గాలిలో తేమ పీల్చి ఉంటుంది కనుక ఎండాకాలంలో పోసినన్ని నీళ్లు పట్టవు. ఈ తేడా కొలత గ్లాసుకు అందదు, వేళ్లకే తెలుస్తుంది.

అడుగు గుండ్రంగా, మందంగా ఉన్న గిన్నె చల్లగా ఉన్నప్పుడే నూనె రాసి పిండి ముద్దను పెట్టి, అడుగు నుంచి అంచుల మీదికి పలచగా అద్దుకుంటూ పోవాలి. వేడి గిన్నెలో అద్దితే చెయ్యి కాలడం ఒక్కటే కాదు, పిండి తగిలిన చోటే బిగుసుకుని ఒకచోట మందం, ఒకచోట పలచన అవుతుంది. అద్దడం అయ్యాక వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి, ఒక్కో దాంట్లో రెండు చుక్కల నూనె వేయాలి. మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచాలి.

మూత కింద జరిగేది చూడదగ్గ పని. బియ్యప్పిండిలో గోధుమ పిండికి ఉన్న జిగట ఉండదు. ఆవిరిలో ఉడికి మెత్తబడితేనే అది ముక్కగా నిలుస్తుంది. మూత ఆ ఆవిరిని లోపలే ఆపుతుంది. కాబట్టి పై పొర ఉడుకుతుంది, గిన్నెకు తగిలిన పొర కాలుతుంది, రంధ్రాల చుట్టూ ఉన్న పిండి నూనెలో వేగుతుంది. ఉడకడం, కాలడం, వేగడం మూడూ ఒకే గిన్నెలో, ఒకే మంట మీద, నాలుగు చెంచాల నూనెతో జరిగిపోతాయి. మొదట నీటి చప్పుడు వినిపిస్తుంది. నీరు తగ్గేకొద్దీ ఆ చప్పుడు సన్నబడి నూనె చిటపట పైకి వస్తుంది. నువ్వుల వాసన గది నిండినప్పుడు మూత తీసి, మిగిలిన ఆవిరి పోయేలా రెండు నిమిషాలు వదిలితే అంచులు వాటంతట అవే గిన్నెను విడిచిపెడతాయి. తిప్పి వేసే పని లేదు. ఒకే ముక్కలో ఒక పక్క కరకర, ఒక పక్క మెత్తన.

రెండో వాయికి గిన్నె మళ్లీ చల్లారాలి. అందుకే చేయి తిరిగినవాళ్లు రెండు గిన్నెలు పెట్టుకుంటారు. ఒకటి పొయ్యి మీద ఉండగా మరోదాని అడుగును నీళ్లలో ముంచి చల్లబరుస్తారు. బియ్యానికి పప్పు, పల్లీ, నువ్వు తోడవడంతో మాంసకృత్తులు కూడా సమకూరి, రెండు ముక్కలు తిన్నవాళ్లకు సాయంత్రం దాకా ఆకలి గుర్తుకు రాదు. మర్నాడు పొద్దున చల్లగా తిన్నా రుచి తగ్గదు. షిఫ్టు డబ్బాలో పెట్టుకుపోవడానికి ఇంతకంటే అనువైనది అరుదు.

మక్క కంకి చెప్పే గడియ

తొలకరికి విత్తిన మక్క ఆగస్టు, సెప్టెంబరుకు పచ్చి కంకులు ఇస్తుంది. అప్పుడు నర్సాపూర్ అడవి దారిలో బొగ్గుల మీద కంకులు కాలుతుంటాయి. ఇంట్లో గారెలు వేగుతుంటాయి. గారెకు పనికొచ్చే కంకి ఏదో తెలుసుకోవడానికి గింజ మీద గోరు గుచ్చి చూస్తారు. పాలు చిమ్మితే అది ఇంకా లేత, కాల్చుకు తినాలి. గోరు దిగకపోతే ముదురు, గుడాలు ఉడకబెట్టాలి లేదా పిండి పట్టించాలి. గోరు కాస్త బలంగా దిగి, మీగడలాంటిది చిక్కగా బయటికొస్తే గారెకు అదే గడియ.

గింజలు వలిచి అల్లం, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి నీళ్లు పోయకుండా రుబ్బాలి. గింజలో ఉన్న తడే చాలు. మూడో వంతు గింజ పలుకుగా మిగిలితేనే గారెకు కరకర వస్తుంది. మెత్తగా రుబ్బితే లోపల తడి చిక్కుకుని, గారె నూనె తాగి బరువెక్కుతుంది. పిండి జారుగా ఉంటే గుప్పెడు శనగపిండి కలిపి, ఆకు మీద అద్ది, బాగా కాగిన నూనెలో వేయాలి. నూనె సరిగ్గా కాగితే పిండిలోని నీరు ఆవిరై బయటికి తోసుకొస్తూ నూనెను లోపలికి రానివ్వదు. నూనె చల్లగా ఉంటే ఆ తోపుడు తగ్గుతుంది, నూనె లోపలికి జొరబడుతుంది. వేగిన గారె వాన గాలికి పది నిమిషాల్లో మెత్తబడుతుంది కనుక పొయ్యి దగ్గరే కూర్చుని ఒక్కో వాయి దిగగానే తినడం రివాజు. ఇంటిల్లిపాదినీ పొయ్యి చుట్టూ చేర్చే వంట ఇది.

మక్క పుట్టిల్లు మెక్సికో. మిరపకాయ కూడా అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిందే. పరాయి పంటలను ఇంత సొంతం చేసుకోగలిగింది మన ఆడవాళ్ల చేతి విద్య వల్లే.

ముంగిట్లో విజ్ఞానం

బొంతపల్లికి కాసేపటి ప్రయాణంలో, పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ ఏర్పడింది. మెట్ట ప్రాంతాల పంటల మీద పనిచేసే ఈ అంతర్జాతీయ సంస్థ పరిశోధించే పంటల్లో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ ముఖ్యమైనవి. చూడండి, మన వానాకాలపు వంటింటి డబ్బాల్లో ఉండేవి దాదాపు ఇవే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడానికి ఎంతో ముందునుంచే ఈ జిల్లాలో జొన్నరొట్టె పూటపూటా కాలుతోంది.

జొన్నరొట్టెలోనూ కిటుకు నీళ్లదే. మసలే నీళ్లు పోసి కలిపితేనే పిండికి పట్టు వస్తుంది. చేత్తో తట్టి పెనం మీద వేయగానే పైభాగాన తడి చెయ్యితోనో, తడి గుడ్డతోనో తుడుస్తారు. ఆ తడి లేకపోతే రొట్టె పగుళ్లు బారుతుంది. సరిగ్గా తుడిస్తే పొంగుతుంది. పక్కన ఉల్లిగడ్డ పోపు వేసిన బొబ్బర్ల గుడాలో, పుంటికూర పప్పో ఉంటే వాన రోజుకు కొదవ లేదు.

ఇదే జిల్లాలో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, ఎక్కువగా దళిత మహిళలు, పాత పంటల విత్తనాలను కాపాడుకుంటూ వస్తున్నాయి. 2019లో ఆ కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం దక్కింది. విత్తకుండానే చేలలో మొలిచే దొగ్గలి, జొన్నచెంచలి, గునుగు, తుమ్మి లాంటి కూరలను కలుపు మొక్కలని పారేయకుండా ఆహారంగా గుర్తించాలని వాళ్లు గట్టిగా చెప్పారు. వినాయక చవితికి తుమ్మికూర తినే ఆచారం తెలంగాణలో నేటికీ ఉంది. అడవి అంచుల్లో బోడకాకర తీగ ఎండాకాలమంతా భూమిలో దుంపగా ఉండి, వానకు చిగురించి కాయ కాస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఈ ప్రాంతపు వాగులూ చెరువులూ దశాబ్దాల పారిశ్రామిక కాలుష్యాన్ని మోశాయి. ఫ్యాక్టరీల కాలువల పక్కన మొలిచిన ఆకు ఎంత పచ్చగా ఉన్నా తెంపవద్దు. చేలలో తెంపినదైనా మందు కొట్టారేమో అడిగి, మూడు నీళ్లలో కడగాలి. పుట్టగొడుగులైతే బాగా ఎరిగినవాళ్లు చూపినవే తినాలి.

ఒక గోడకు రెండు పొయ్యిలు

ఈ వాడలో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి వచ్చిన కార్మికులు వేలల్లో ఉన్నారు. వాళ్ల వానాకాలాలూ వాళ్లతో వచ్చాయి. వాన పడితే బెంగాలీ ఇంట్లో బియ్యం, పప్పు కలిపి ఖిచురీ వండుతారు, కుదిరితే పక్కన వేయించిన పులస జాతి ఇలిష్ చేప. బీహారీ సంచిలో సత్తు ఉంటుంది. వేయించిన శనగల పిండి అది. మన పేలపిండికి అన్నదమ్ములాంటిది, ఎందుకంటే రెండింటిలోనూ గింజను ముందే నిప్పు మీద పండించి, తినే వేళకు పొయ్యి అవసరం లేకుండా చేసిన తెలివి ఉంది. కేరళలో ఇదే కాలంలో కర్కాటక మాసపు మందు గంజి తాగుతారు. వానలో ఒంటికి ఏం కావాలన్న ప్రశ్నకు దేశమంతా దగ్గరి జవాబులే ఇచ్చింది: వెచ్చదనం, పప్పు ధాన్యాల జోడీ, అల్లం శొంఠి ఘాటు.

ఇవాళ ఆ జవాబులు మరుగునపడే ప్రమాదం వచ్చింది. షిఫ్టు మనిషికి తీరిక లేదు, అద్దె గదిలో రోలు లేదు, అడుగడుగునా నూడుల్స్ పొట్లాలున్నాయి. అయినా పైన చెప్పిన వంటల్లో ఖరీదైన సరుకు ఒక్కటీ లేదని గమనించాలి. సర్వపిండికి ఒక గిన్నె, ఒక మూత, ఒక చిన్న పొయ్యి చాలు. కంపెనీ క్యాంటీన్లు వారానికొక రోజు గుడాలూ రొట్టె పెట్టవచ్చు. సర్కారు హాస్టళ్లు తొలి ఏకాదశికి పిల్లలకు పేలపిండి పంచవచ్చు. మహిళా సంఘాలు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర సర్వపిండి అమ్మితే వాళ్లకు నాలుగు రూపాయలు, కార్మికులకు మంచి తిండి దొరుకుతాయి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంట్లోనే ఉంది. ఈ విద్య పుస్తకంలో చదివితే రాదు, పిండి తడి చేతికి తగలాలి. ఈసారి ముసురు పట్టిన ఆదివారం గిన్నెలో పిండి అద్దే పని పిల్లలకు అప్పగించండి, ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకు కూడా. మొదటి వాయి మాడుతుంది, మాడనివ్వండి. గిన్నె చల్లార్చి రెండో వాయి కూడా వాళ్లతోనే వేయించండి.