ముత్యమూ, మనిషీ

మన కథాసాహిత్యం మీద ఒక ఫిర్యాదు చేయదలచుకొన్నాను. దాన్ని నా కథతోనే మొదలుపెట్టడం న్యాయం.

కొన్నేళ్ల క్రితం నేనొక కథ వ్రాశాను. సికిందరాబాదు చిలకలగూడలో మా యింటికి రెండిళ్ల అవతల ఒక రైల్వే ఫిట్టరు కుటుంబం వున్నది. వారి అబ్బాయికి ఆటిజం. వాడే నా కథకు వస్తువు. కథలో ఆ పిల్లవాడు కిటికీ దగ్గర కూర్చుని రైళ్లు చూస్తూంటాడు; తల్లి వాడిని చూస్తూంటుంది; చివరకు ఒకనాడు వాడు మొదటిసారిగా 'అమ్మా' అంటాడు. సభలో చదివితే ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకొన్నారు. కరుణరసం బాగా పండిందని ఒక పెద్దాయన అన్నాడు. ఆ వుత్సాహంలో ఆ తల్లికి కూడా చదివి వినిపించాను.

ఆమె చివరిదాకా విని, "మీ కథల పోరడు ఎప్పుడన్న బువ్వ తిన్నడా సార్?" అని అడిగింది. నేను తెల్లబోయాను. "దొడ్డికి గూడ పోలె. నేనైతె ఒక్కపారి గూడ పండుకోలె. ఊకె ఓర్పు, ఓర్పు అని రాసిండ్రు. నాకు ఓర్పు యాడిది సార్? ఇంకో మనిషి గావాలె, గంతే."

నా రచనల మీద ఇంతకన్న పదునైన విమర్శ ఇంతవరకు రాలేదు.

ఆమె మాటలను మన విమర్శ పరిభాషలోకి మార్చుకొంటే తేలేది ఇది: నా కథలో శ్రమ లేదు. మిల్లు కార్మికుడిని గురించి వ్రాసేటప్పుడు మనం షిఫ్టు ఎన్ని గంటలో చెబుతాం. బీడీలు చుట్టే స్త్రీని గురించి వ్రాసేటప్పుడు వెయ్యి బీడీలకు కూలి ఎంతో చెబుతాం. చెప్పకపోతే వాస్తవికత లోపించిందని తోటివారిని నిలదీస్తాం. అదే రచయిత ఇంటి గడప దాటి లోపలికి వచ్చేసరికి ఆ లెక్కలన్నీ మరచిపోయి మాతృహృదయం, త్యాగం, సహనం అనే మూడు మాటలతో సరిపెడతాడు. పధ్నాలుగు గంటల పనికి సహనమని పేరు పెట్టిన తరువాత, ఆ పనిలో సగం మరొకరు పంచుకోవాలన్న ప్రశ్నే పుట్టదు. సహనం పంచుకొనే వస్తువు కాదు గదా!

ఈ ధోరణికి మన భాషలో అత్యంత అందమైన వుదాహరణ 1986లో వచ్చిన 'స్వాతిముత్యం'. ఆస్కారు పోటీకి మన దేశం తరఫున వెళ్లిన చిత్రమది. అందులోని శివయ్య వయస్సు వచ్చినా పసివాడి మనస్సు వున్నవాడు. సినిమాలో ఆటిజం అన్న మాట లేదు. తరువాత ఇంగ్లీషులో దాన్ని గురించి వ్రాసినవారు ఆ మాట తగిలించారు. శ్రీరామనవమి నాడు, వితంతువైన లలిత మెడలో శివయ్య తాళి కట్టే ఘట్టం తెలుగువారెవరూ మరచిపోలేరు. ఆచారాన్ని ఎదిరించడానికి కె. విశ్వనాథ్ ఒక అమాయకుణ్ణి ఆయుధం చేసుకొన్నారు. ఆ సాహసానికి నమస్కారం. కాని శివయ్య ముత్యం. ముత్యానికి కల్మషం లేదు. అవసరాలు కూడా లేవు. అతడు నవ్విస్తాడు, ఏడిపిస్తాడు, లోకంలోని మోసం కనబడడానికి అద్దమౌతాడు. అతడిని దారిన పెట్టే పని మాత్రం ఒక స్త్రీ ప్రేమ మీద పడుతుంది. ప్రేమతో అది జరిగిపోతుంది కూడా.

నలభై ఏళ్లుగా మన ప్రేక్షకుడు ఇటువంటి మనిషి ఎదురైనప్పుడల్లా శివయ్యను వెదుకుతున్నాడు. ఎదురుగా వున్నవాడు బస్సులో చెవులు మూసుకొని అరుస్తున్న పదిహేడేళ్ల కుర్రవాడు. వాడు ముత్యం కాడు గనుక 'పిచ్చోడు' అవుతాడు. హిందీలో 2010లో 'మై నేమ్ ఈజ్ ఖాన్', 2012లో 'బర్ఫీ' పాత్రల స్థితిని పేరు పెట్టి చెప్పాయి. ముత్యపు మెరుపు మాత్రం పోలేదు. చిత్రమేమంటే, స్వాతిముత్యం వచ్చిన 1986లోనే అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే ఆటిజం వున్న స్త్రీ తన జీవితాన్ని పుస్తకంగా ప్రచురించింది. చప్పుడు ఎట్లా బాధిస్తుందో, ఎవరైనా కౌగిలించుకొంటే ఎందుకు తట్టుకోలేదో లోపలి నుంచి చెప్పింది. మనం బయట నిలబడి ఏడుస్తున్న రోజుల్లోనే లోపలి మనిషి మాట్లాడుతున్నది!

బస్సులో 'పిచ్చోడు' అన్న మాట తరువాత మరొక మాట వస్తుంది: 'తల్లి పెంపకం సరిగా లేదు.' ఇది మన వీధి అరుగుల మీద పుట్టిన మాట అనుకొంటే పొరపాటు. దానికి పెద్ద చదువుల వంశవృక్షమే వున్నది. 1943లో బాల్టిమోరులో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను వర్ణిస్తూ ఈ స్థితికి పేరు పెట్టాడు; వారి తల్లిదండ్రులలో ఆప్యాయత తక్కువని కూడా వ్రాశాడు. ఆ విత్తనం మొలిచి, 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ పుస్తకం నాటికి తల్లి చల్లదనమే జబ్బుకు కారణమన్న సిద్ధాంతమై కూర్చున్నది. అంతకు ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ దాన్ని ఖండించాడు. ఆయనే ఒక ఆటిజం బాలుడి తండ్రి. ఇది మెదడు ఎదుగుదలలోని తేడా, పెంపకం లోపం కాదు అని ఈనాడు శాస్త్రం నిస్సందేహంగా చెబుతున్నది. గమనించండి: తల్లిని దోషిని చేసే సిద్ధాంతమూ, తల్లిని దేవతను చేసే కథా రెండూ ఒకే పని చేస్తున్నాయి. బాధ్యతను ఇంటి నాలుగు గోడల మధ్య పెట్టి బయట తాళం వేస్తున్నాయి.

ఇక మన వూరి సంగతి. బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వెలసింది. తరువాత దాని పేరు మారింది. దూరప్రాంతాల కుటుంబాలు పిల్లలతో సహా కొన్ని రోజులు వుండి నేర్చుకొనడానికి అక్కడ కుటీరాలు కట్టారు. ఆలోచన మంచిది. ఆదిలాబాదు నుంచి వచ్చిన కూలివాడికి ఆ రోజుల కూలి ఎవరిస్తారన్నది వేరే సంగతి. ఈ సంస్థే మన దేశానికి ఆటిజం కొలమానాన్ని తయారుచేసింది. అందులో 40 అంశాలు. ఒక్కొక్క దానికి 1 నుంచి 5 వరకు మార్కులు. 70 నుంచి స్వల్పం, 107 నుంచి మధ్యమం, 153 దాటితే తీవ్రం. ధ్రువపత్రాలకు ప్రభుత్వం 2016లో దీన్నే ప్రమాణం చేసింది. పాశ్చాత్య కొలతల మీద ఆధారపడకుండా మన పిల్లలను మన దేశంలో కొలవడం చిన్న విషయం కాదు. కాని సాహిత్య విద్యార్థిగా ఆ పత్రాన్ని చదివినప్పుడు నాకు తోచింది చెబుతాను. నలభై వాక్యాలలోనూ కర్త పిల్లవాడే. వాడు చూడడు, వాడు మాట్లాడడు, వాడు కలవడు. వీధి వాడితో ఎట్లా వున్నదన్న వాక్యం ఒక్కటీ లేదు. కొలమానం పని అది కాదని శాస్త్రజ్ఞులంటారు; నిజమే. మరి వీధిని కొలిచే పత్రం ఎవరు వ్రాయాలి? అది కథకుడి పని కాదా?

చట్టంలోనూ ఇదే ఆలస్యం. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను చెప్పింది. ఆటిజం అందులో లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టంలో చోటు దొరికింది. 2016 చట్టం 21 వైకల్యాలలో దీన్ని చేర్చి, ఎక్కువ ఆసరా కావలసినవారికి సంరక్షకుల భృతిని కూడా ప్రస్తావించింది. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలయింది. కేంద్ర ప్రభుత్వోద్యోగం చేసే తల్లికి వుద్యోగకాలంలో 730 రోజుల శిశుసంరక్షణ సెలవు వున్నది. భార్య వున్న తండ్రికి లేదు. చట్టం దృష్టిలో కూడా అది ఆడదాని పనే! రసూల్‌పురా నుంచి వచ్చి మారేడుపల్లి ఇళ్లలో అంట్లు తోమే తల్లికి ఏ సెలవూ లేదు. ఆమె నాగా పెట్టిన రోజున జీతం కోస్తారు.

నా కథలో వుండవలసిన మనిషి ఎవరో ఇప్పుడు చెబుతాను. మా వీధి చివర కటింగు షాపు నడిపే అతను. ఫిట్టరు కొడుకుకు జుట్టు కత్తిరించడం ఒకప్పుడు యుద్ధం. మిషను చప్పుడు వాడికి భరించరానిది. ఇద్దరు పట్టుకొంటే మూడోవాడు కత్తిరించేవాడు. తరువాత రెండు రోజులు వాడు తిండి తినేవాడు కాదు. తల్లి ఒకనాడు ఈ సంగతంతా చెబితే ఆ షాపతను ఆలోచించి, "మంగళారం తోల్కరా అక్కా, నాకు సెలవు" అన్నాడు. మంగళవారం క్షౌరమేమిటని పిల్లవాడి నానమ్మ ఈనాటికీ గొణుగుతుంది. మొదటి మంగళవారం షట్టరు సగమెత్తి, లైటు ఒక్కటే వేసి, కుర్రవాడిని కుర్చీలో వూరికే కూర్చోబెట్టి పంపాడు. రెండోవారం గుడ్డ కప్పాడు. మూడోవారం కత్తెరను వాడి చేతికే ఇచ్చి గాలిలో ఆడించమన్నాడు. ఇంట్లో గోడమీద వరుసగా బొమ్మలంటించి వుంటాయి: పళ్లు తోముకోవడం, స్నానం, ఇడ్లీ, బస్సు. ఆ వరుసలో మంగళవారానికి కుర్చీ బొమ్మ చేరింది. అయిదోవారం జుట్టు కత్తిరించాడు, కత్తెరతోనే. ఎవరూ పట్టుకోలేదు.

ఇది కరుణ కాదు, పనితనం. అయిదు సెలవురోజులు పోగొట్టుకొన్న శ్రామికుడి పనితనం. దీన్నయినా నేను ముత్యం చేయదలచుకోలేదు. ఆ షాపు అద్దె పెరిగి అతను మల్కాజిగిరికి పోతే ఈ కుర్రవాడి జుట్టు ఎవరు కత్తిరిస్తారు? ఒకరి మంచితనం మీద నిలిచిన ఏర్పాటు అతనితోనే పోతుంది. బోనాల రోజుల్లో డప్పులు మొదలయ్యే ముందు ఆ కుటుంబం చుట్టాల వూరికి వెళ్లిపోతుంది. వీధి పండుగ కోసం వీధివాడే వూరు విడవడం మా యువకులకు ఇంతవరకు వింతగా తోచలేదు. నాకూ తోచలేదు, నిజం చెప్పాలి గదా.

ఆ కుర్రవాడికి వచ్చే సంవత్సరం 18 నిండుతాయి. చట్టం చెప్పే వుచిత విద్య అక్కడితో ఆగుతుంది. 'మేము పోయినంక?' అన్న ప్రశ్న ఆ తల్లిదండ్రులు మాట్లాడుకొనేది రాత్రి పొద్దుపోయాకే.

నేను కథను మళ్లీ వ్రాశాను. ఈసారి అందులో అన్నం వున్నది, దొడ్డి వున్నది, కటింగు షాపు వున్నది, కొన్ని గంటల లెక్క వున్నది. కన్నీళ్లు వస్తాయో లేదో తెలియదు. పోయిన నెల దాన్ని తీసుకొని ఆమె దగ్గరకు వెళ్లాను. ఆమె చేతిలో సంచీ వున్నది. "కథ తర్వాత సార్. ఒక గంట వాని దగ్గర కూసుంటరా? మోండా మార్కెట్ పోయొస్త" అన్నది. వాడు లేస్తే ఏ బొమ్మ చూపాలో, ఫ్యాను ఎందుకు ఆపకూడదో చెప్పి వెళ్లింది. ఆమె వచ్చేసరికి గంటన్నర అయింది. ఆ రోజు కథ చదవలేదు.