ఇంగ్లండ్ ఇటుక బార్న్‌లు: శైలి చరిత్రా, పని చరిత్రా?

నికొలాస్ పెవ్స్‌నర్ 1940లలో వెలువడిన తన యూరప్ వాస్తు చరిత్ర గ్రంథం ఆరంభంలోనే ఒక గీత గీశారు. సైకిళ్లు నిలిపే పాక ఒట్టి కట్టడమే, లింకన్ కెథెడ్రల్ మాత్రం వాస్తుకళ అన్నారు. అందంగా కనిపించాలన్న ఉద్దేశంతో కట్టినదే వాస్తుకళ అన్నది ఆయన వాదన సారాంశం. మరి పొలాల మధ్య నిలిచిన ఇటుక బార్న్ ఈ గీతకు ఏ వైపున పడుతుంది?

బార్న్ అనగానే మనకు గాదె గుర్తుకు వస్తుంది. ఆ పోలిక సరిపోదు. మన కళ్లమూ వామీ ఒకే కప్పు కిందికి చేరితే బార్న్ అవుతుంది. మనం కోతలయ్యాక పొడి వాతావరణంలో ఆరుబయట నూర్చి, గాలివాటు చూసి తూర్పారబడతాం. ఇంగ్లండ్‌లో చేతి నూర్పిడి చలికాలమంతా సాగే పని కావడంతో కళ్లం ఇంటిలోపలికి వచ్చింది. గోధుమ కట్టలను ఇరుపక్కలా పేర్చి, నడుమ గట్టి నేలను ఖాళీగా ఉంచేవారు. ఆ నేలకు అటూ ఇటూ ఎదురెదురుగా రెండు పెద్ద తలుపులు ఉండేవి. రెండూ తెరిస్తే గాలి దూసుకువచ్చి పొట్టును ఎగరగొట్టేది.

గోడలూ ఈ పనికి తగ్గట్టే ఉంటాయి. పేర్చిన కట్టలు చెమ్మగిల్లి బూజు పట్టకుండా గాలి ఆడాలి. అందుకోసం ఇంగ్లండ్ మధ్య, ఉత్తర ప్రాంతాల మేస్త్రీలు వరుసల్లో అక్కడక్కడ ఇటుకను వదిలేసి, ఆ కన్నాలను వజ్రాకారంలోనో త్రికోణంలోనో అమర్చారు. మన జాలీ గోడలను చూసినవారికి ఇది కొత్త కాదు. కొన్నిచోట్ల ఎలుకలను పట్టే గుడ్లగూబ లోపలికి రావడానికి కప్పు కింది త్రికోణపు గోడలో ఒక రంధ్రం విడిచేవారు. ఈ కన్నాలు అవసరం కోసం పుట్టాయి. వాటిని అంత తీరుగా అమర్చమని మాత్రం ఏ అవసరమూ అడగలేదు. పెవ్స్‌నర్ గీత ఇక్కడే చెరిగిపోతుందని నా అభిప్రాయం.

అయినా చరిత్ర పుస్తకాల్లో ముందుగా కనిపించేది నార్ఫోక్‌లోని హోకమ్ గ్రేట్ బార్న్. 1790ల తొలి ఏళ్లలో శామ్యూల్ వ్యాట్ దీన్ని థామస్ కోక్ ఎస్టేటు కోసం రూపొందించాడు. 1821 వరకు అక్కడ ఏటా జరిగిన గొర్రెల ఉన్ని కత్తిరింపు సభలకు ఇదే కేంద్రం. గంభీరమైన కట్టడమే, కాదనలేం. కానీ ఆండ్రూ మైకల్ నూర్పిడి యంత్రం 1786 నాటికే వచ్చేసింది. చేతి నూర్పిడికి కాలం చెల్లడం మొదలైన తరువాత కట్టిన బార్న్ ఇది. యంత్రం చలికాలపు కూలిని మింగేసిందని 1830లో కూలీలు ఊరూరా యంత్రాలను పగలగొట్టారు. బార్న్ చరిత్రలో ఆ అల్లర్లకూ చోటు ఉండాలి.

ఈ విషయంపై వచ్చిన పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూడండి. జాన్ మార్టిన్ రాబిన్సన్ 1983 నాటి జార్జియన్ ఆదర్శ వ్యవసాయ క్షేత్రాల అధ్యయనం భూస్వాములు, వాస్తుశిల్పుల వైపు నుంచి చూస్తుంది. కాగితాలు మిగిలింది వాళ్లకే కాబట్టి అది సహజం. ఆర్. డబ్ల్యు. బ్రన్‌స్కిల్ 1982 గ్రంథం కట్టడాన్నే పత్రంగా చదువుతుంది. తలుపు ఎక్కడుంది, కన్నాలు ఏ గోడకున్నాయి అని అడుగుతుంది. విద్యార్థికి రెండవదే ఎక్కువ ఉపయోగం. అయితే రూపాన్ని బట్టి కాలం చెప్పబోతే జాగ్రత్త. ఎదురెదురు తలుపులు శతాబ్దాలపాటు మారలేదు. ఇటుక కొలత కొంత నయం. 1784లో బ్రిటన్ ఇటుకలపై వెయ్యికి ఇంత అని పన్ను వేసింది. లెక్క తగ్గించుకోవడానికి కొందరు ఇటుకను పెద్దది చేశారు. 1803లో పెద్ద ఇటుకకు రెట్టింపు పన్ను పడింది. 1850లో పన్నే పోయింది.

ఈ చర్చ పుస్తకాలకే పరిమితం కాదు. ఇంగ్లండ్ రక్షిత కట్టడాల జాబితాలో 1700కు ముందువి దాదాపు అన్నీ చేరతాయి. 1850 తరువాతి వాటిని చాలా ఏరి చేరుస్తారు. మామూలు రైతు కట్టుకున్న పందొమ్మిదో శతాబ్దపు ఇటుక బార్న్ తరచుగా బయటే మిగులుతుంది. 2014 నుంచి జాబితాలో లేని వ్యవసాయ కట్టడాలను పూర్తిస్థాయి ప్రణాళికా అనుమతి లేకుండానే, కొన్ని షరతులతో, ఇళ్లుగా మార్చుకోవచ్చు. అలా మార్చినప్పుడు పెద్ద తలుపుల చోట అద్దం బిగిస్తారు, నూర్పిడి నేల హాలవుతుంది. చలి రాకుండా గోడ కన్నాలనూ మూసేస్తారు. పంటను ఏ వైపు పేర్చారో ఆ తరువాత వచ్చే పరిశోధకుడికి గోడ చెప్పదు.