తిండిపోతు పెయ్య

ఈ వారం చర్ల వైపు సంతలో విన్న మాటకు మనసు చివుక్కుమంది. "ఆ పెయ్య తిండిపోతు బాబాయ్, దాన్నొద్దు. ఇది తోలుకుపో, ఇంటి గడ్డి ముట్టదు" అంటూ అమ్మేవాడు బక్కదాన్ని ముందుకు తోశాడు. రెండూ ఒకే ఈడువి. బక్కదాని పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. కొనేవాయన దాన్నే తోలుకెళ్లాడు.

తక్కువ మేతతో బతికే నాటు పశువే మన అడవి అంచుకు తగినదని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. శబరి, సీలేరు కలిసేచోట ఉన్న మల్కనగిరి జిల్లా మోటు ఊరి పేరుతో పిలిచే పశువులంటే నాకు ప్రాణం. పొట్టివి, గోధుమవన్నెవి, చాలావాటికి కొమ్ములే ఉండవు. అయినా నాగలి లాగుతాయి.

ఈ అడవి అంచున పాతతరం కోయ ఇళ్లలో ఆవుపాలు పిండేవారు కాదు. చిన్నప్పుడు దుమ్ముగూడెం దగ్గర ఒక అవ్వను పాలడిగితే, "దూడ నోటిది తీసుకుంటామా అయ్యా" అంది. కడుపునిండా కుడిచిన లేగ తొలి వేసవిని గట్టిగా దాటేది. తల్లి మళ్లీ ఎదకు రావడం మాత్రం ఆలస్యమయ్యేది. దూడ కుడుస్తున్నన్నాళ్లూ అండం విడుదల వెనక్కి జరుగుతుంది. గడ్డి ఎండిన రోజుల్లో రాలిన ఇప్పపూలు కూడా ఆ ఇళ్ల పశువులకు మేతయ్యేవి.

మేత పొదుపును శాస్త్రవేత్తలు కొలిచే తీరు వేరు. బరువునూ ఎదుగుదలనూ బట్టి పశువుకు ఎంత మేత కావాలో లెక్కగట్టి, అసలు తిన్నది అంతకన్నా ఎంత తక్కువో చూస్తారు. 1963లో అమెరికాలో కోచ్ అనే పరిశోధకుడి బృందం చూపిన దారి ఇది. ఈ లెక్కలో నెగ్గిన మాంసపు జాతి పెయ్యలు కొన్ని అధ్యయనాల్లో కాస్త ఆలస్యంగా ఎదకొచ్చాయి, కొన్నింటిలో తేడా కనబడలేదు. ఒంట్లో కొవ్వు తక్కువ కావడం ఆలస్యానికి ఒక కారణం. పెయ్య ఎదకు రావాలంటే పెద్దయ్యాక తూగే బరువులో దాదాపు 60 శాతం రావాలి.

సంతలోని బక్కపెయ్యది పొదుపు కాదు. అది ఎదగనే లేదు. మన నాటు పెయ్య తొలి ఈతకు నాలుగేళ్లు పట్టడం మామూలే. ఇంకో ఏడాది ఆలస్యమైతే, దూడ లేకుండా ఆ ఏడాదంతా మేపాలి. కాబట్టి నేనైతే తిండిపోతునే కొంటాను. ఎండాకాలం రెండు పూటలా దోసెడు తవుడు, కాస్త ఖనిజ లవణ మిశ్రమం పెడతాను.

చెవికి 12 అంకెల పసుపు బిళ్ల ఎలాగూ వేస్తున్నారు. పుట్టిన నెల, తొలి ఎద తేదీ కూడా ఆ నంబరు మీద రాయించి సంతలో చూపిస్తే, కొనేవాడికి అమ్మేవాడి మాటొక్కటే దిక్కు కాదు.