చెక్కలో పక్షి: ఉబ్బెత్తు శిల్పంలో లోతు, గీత

ఉబ్బెత్తు శిల్పం పలక నుంచి పూర్తిగా విడివడిన విగ్రహం కాదు, చదునైన బొమ్మా కాదు. ఈ నిర్వచనం ఎంతవరకు నిలుస్తుందో ఒక పక్షితో పరీక్షించి చూద్దాం. చెక్కకు నార ఉంటుంది. నార వెంట ఉలి సాఫీగా నడుస్తుంది. నారకు అడ్డంగా సన్నగా తీసిన ముక్కో కాలో తేలిగ్గా విరుగుతుంది. అందుకే పక్షి శిల్పికి కష్టమైన వస్తువు.

గ్రిన్లింగ్ గిబ్బన్స్ (1648-1721) రోటర్‌డామ్‌లో పుట్టి ఇంగ్లండులో పేరు పొందిన శిల్పి. ఎక్కువగా లైమ్ కర్ర వాడాడు. (పేరు చూసి నిమ్మ అనుకోకండి; ఇది ఐరోపాలో పెరిగే లిండెన్ చెట్టు.) ఆ కర్ర మెత్తన, నార సన్నన, ఉలిని ఏ దిక్కుకు తిప్పినా అంతగా ఎదురు తిరగదు. రెండవ చార్లెస్ రాజు 1682లో టస్కనీ పాలకుడు మూడవ కోసిమోకు పంపిన కానుక ఫలకం గిబ్బన్స్ చెక్కిందే. అందులో ముక్కు ముక్కు ఆనించిన రెండు పావురాలున్నాయి. అవి స్నేహానికి గుర్తు.

చూసినవారు సాధారణంగా ఈకల పనితనాన్ని మెచ్చుకుంటారు. అసలు బలం అక్కడ లేదని నా అభిప్రాయం. ముక్కులు కలిసిన చోటు చూడండి. గాలిలోకి ఒంటరిగా చాచిన ముక్కు బలహీనం. రెండూ కలిస్తే ఒకదానికొకటి ఆసరా. స్నేహమనే భావం కోరిందీ, కర్ర కోరిందీ ఒకటే అయింది. ఈకలు నేర్పును చూపుతాయి, ఈ కలయిక ఆలోచనను చూపుతుంది.

అయితే ఆ ఫలకంలోనే ఒక లోపమూ ఉంది. పూలు, పండ్ల అడుగున ఎంతో లోతుగా తొలిచినందువల్ల వెనుక పలక నీడలో కలిసిపోతుంది. పలకతో బంధం తెగితే అది ఉబ్బెత్తు శిల్పంగా మిగలదు, గోడకు తగిలించిన విగ్రహమవుతుంది.

దీని పక్కన ఈజిప్టులోని సక్కారాలో, హెసీ-రా సమాధిలో దొరికిన చెక్క పలకలను పెట్టి చూడండి. అవి మూడవ రాజవంశ కాలానివి, అంటే గిబ్బన్స్ కంటే నాలుగువేల ఏళ్లకు పైగా పాతవి. వాటి మీది చిత్రలిపిలో పక్షులు ఉన్నాయి. ఎత్తు చాలా తక్కువ, ఈకలు లెక్కపెట్టే అవకాశమే లేదు. కానీ అంచు గీత ఎంత కచ్చితంగా ఉందంటే పక్కనుంచి వెలుతురు పడగానే రొమ్ము, తోక విడివిడిగా తెలుస్తాయి. పలక ఎక్కడా మరుగున పడదు.

రెండింటి ఫొటోలూ దొరికితే ముందు చేయి చాచినంత దూరంలో పెట్టి చూడండి. ఏ పక్షి ముందుగా గుర్తుపట్టేలా ఉందో, ఎందుకో మీ నోటు పుస్తకంలో ఐదు వాక్యాలలో రాయండి.