కెర్నెల్ డ్రైవర్‌కూ యూజర్‌స్పేస్ పరికరానికీ మధ్య ఉమ్మడి మెమరీ

వర్చువల్ డిస్కయినా, వర్చువల్ నెట్‌వర్క్ కార్డయినా నిజానికి నడుస్తున్న ప్రోగ్రామే. లైనక్స్‌లో ఇలాంటి పరికరానికి రెండు సగాలుంటాయి. డ్రైవర్ కెర్నెల్‌లో ఉండి, ఫైల్ సిస్టమ్ అడిగిన బ్లాకునో, బయటికి పోవలసిన ప్యాకెట్‌నో అభ్యర్థనగా మారుస్తుంది. ఆ అభ్యర్థనను తీర్చే పరికరం యూజర్‌స్పేస్‌లో మామూలు ప్రాసెస్‌గా నడుస్తుంది. పరికరాన్ని కెర్నెల్ బయట పెట్టడం వల్ల లాభం పెద్దది. దానిలో లోపం ఉంటే ఆ ప్రాసెస్ ఒక్కటే కూలుతుంది, యంత్రం నిలబడుతుంది. కొత్త వెర్షన్ పెట్టడానికి రీబూట్ అక్కర్లేదు. నష్టమల్లా డేటాను ఇటూ అటూ చేరవేసే ఖర్చు. రీడ్, రైట్ సిస్టమ్ కాల్స్‌తో చేరవేస్తే ప్రతి అభ్యర్థనకూ కెర్నెల్‌లోకి ఒక ప్రవేశం, ఒక కాపీ తప్పవు. సెకనుకు లక్షల ప్యాకెట్లు దాటాల్సిన చోట ఈ ఖర్చు భరించరానిది. ఉమ్మడి మెమరీ పద్ధతులు పుట్టింది ఈ అవసరం నుంచే.

మూల సూత్రం కష్టమైనది కాదు. ఫిజికల్ పేజీ ఒకటే ఉంటుంది. కెర్నెల్‌కు ఒక అడ్రసులోనూ, ప్రాసెస్‌కు మరో అడ్రసులోనూ అదే పేజీ కనిపిస్తుంది. ఒక వైపు రాసింది రెండో వైపు వెంటనే చదువుకోవచ్చు. లైనక్స్‌లో ఇలాంటి పంపకానికి చేతికందే వస్తువు ఫైల్ డిస్క్రిప్టర్. దాన్ని పట్టుకున్న ప్రాసెస్ ఎమ్మ్యాప్ కాల్‌తో ఆ పేజీలను తన అడ్రస్ స్పేస్‌లోకి తెచ్చుకుంటుంది. ఒక ప్రాసెస్ తన డిస్క్రిప్టర్‌ను యూనిక్స్ సాకెట్ మీద మరో ప్రాసెస్‌కు పంపనూ వచ్చు. 2014లో లైనక్స్ 3.17తో వచ్చిన మెమ్‌ఎఫ్‌డీ, ఏ డిస్కు మీదా లేని పేరులేని ఫైలును సృష్టించి ఈ పనిని తేలిక చేసింది. అడ్రసులు ఇరువైపులా వేరు కాబట్టి ఉమ్మడి పేజీలో ఎవరి పాయింటర్‌నూ అలాగే రాసి పెట్టకూడదు. ఇద్దరూ ఒప్పుకున్న మూడో లెక్కలో, అంటే అతిథి యంత్రపు (అంటే వర్చువల్ యంత్రపు) ఫిజికల్ అడ్రసుగానో, పరికరానికి కేటాయించిన ఐవో వర్చువల్ అడ్రసుగానో రాయాలి. చదివేవారు దాన్ని తమ అడ్రసుగా మార్చుకుంటారు.

పేజీలు పంచుకున్నంత మాత్రాన పని జరగదు. ఎవరు ఏ బైట్లు రాయాలో, ఎప్పుడు రాయాలో ఒప్పందం కావాలి. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న ఒప్పందం వర్టియో. రస్టీ రస్సెల్ రూపొందించిన ఈ ఇంటర్‌ఫేస్ 2008 జనవరిలో వెలువడిన లైనక్స్ 2.6.24లో చేరింది, 2016లో ఒయాసిస్ సంస్థ ప్రమాణమైంది. దీని గుండెకాయ వర్ట్‌క్యూ. అందులో మూడు భాగాలు: డిస్క్రిప్టర్ పట్టిక, అవైలబుల్ రింగ్, యూజ్డ్ రింగ్. ఒక్కో డిస్క్రిప్టర్ 16 బైట్లు. అందులో 8 బైట్ల అడ్రసు, 4 బైట్ల పొడవు, 2 బైట్ల ఫ్లాగులు, గొలుసులో తర్వాతి డిస్క్రిప్టర్ సంఖ్యకు 2 బైట్లు. 256 డిస్క్రిప్టర్ల పట్టిక సరిగ్గా 4,096 బైట్లు, అంటే ఎక్స్86 యంత్రం మీద ఒక పేజీ.

డిస్కు నుంచి 4,096 బైట్లు చదివే ఒక అభ్యర్థనను దగ్గర నుంచి చూస్తే ఈ అమరిక బాగా అర్థమవుతుంది. డ్రైవర్ మూడు డిస్క్రిప్టర్లను గొలుసు కడుతుంది. మొదటిది 16 బైట్ల శీర్షికను చూపిస్తుంది. ఇది చదివే పని అనీ, ఎన్నో సెక్టార్ నుంచి చదవాలనీ అందులో ఉంటుంది. రెండోది డేటా వచ్చి పడవలసిన 4,096 బైట్ల బఫర్. మూడోది ఒకే ఒక్క బైటు, పరికరం ఫలితం రాసే చోటు. సున్నా రాస్తే పని సవ్యంగా జరిగినట్టు, 1 రాస్తే లోపం. చివరి రెండింటి ఫ్లాగులూ ఇక్కడ పరికరం రాయవచ్చని చెబుతాయి. గొలుసు తల సంఖ్యను డ్రైవర్ అవైలబుల్ రింగ్‌లో వేసి, ఆ రింగ్ సూచికను ఒకటి పెంచుతుంది. పరికరం పని ముగించి, అదే సంఖ్యనూ తాను రాసిన 4,097 బైట్ల లెక్కనూ యూజ్డ్ రింగ్‌లో వేసి తన సూచికను పెంచుతుంది. పట్టిక, అవైలబుల్ రింగ్ డ్రైవర్ మాత్రమే రాస్తుంది. యూజ్డ్ రింగ్ పరికరం మాత్రమే రాస్తుంది. ఒక చోటికి రాసేవారు ఒక్కరే కాబట్టి లాక్ అక్కర్లేదు. కెర్నెల్‌కూ ప్రాసెస్‌కూ మధ్య ఈ గుణం ప్రాణాధారం. లాక్ పట్టుకున్న ప్రాసెస్ మధ్యలో చచ్చిపోతే కెర్నెల్ దాని కోసం ఎప్పటికీ కాచుకొని ఉండలేదు.

లాక్ లేకపోయినా క్రమం తప్పనిసరి. సూచిక పెరిగినట్టు కనిపించేసరికి డిస్క్రిప్టర్‌లోని అడ్రసు నిజంగా అక్కడ ఉండాలి. ప్రాసెసర్లు రాతల వరుసను తమ వీలుకొద్దీ మార్చుకుంటాయి. ఆర్మ్ యంత్రాల మీద ఈ మార్పు చాలా స్వేచ్ఛగా జరుగుతుంది. అందుకే డిస్క్రిప్టర్ రాశాక, సూచిక పెంచేముందు మెమరీ బ్యారియర్ పెడతారు. చదివేవైపు దానికి జత బ్యారియర్ ఉంటుంది. ఎక్స్86 యంత్రాలు రాతల వరుసను నిలుపుతాయి గనుక అక్కడ ఇబ్బందే లేదనుకోవడం పొరపాటు. ఒక రాత తర్వాత వచ్చే చదువు ఆ రాతకంటే ముందే జరిగిపోవడం ఎక్స్86 మీద కూడా మామూలే. దాని దెబ్బ తగిలేది కబురు పంపేచోట.

కొత్త పని వచ్చిందన్న కబురుకు లైనక్స్‌లో ఈవెంట్‌ఎఫ్‌డీ వాడతారు. దానికి సిస్టమ్ కాల్ ఖర్చవుతుంది కాబట్టి, ఎదుటివారు మేలుకొనే ఉంటే కబురు మానేస్తారు. ఫలానా సూచిక దాటితేనే లేపు అని పరికరం ఉమ్మడి మెమరీలో రాసి పెడుతుంది. డ్రైవర్ తన సూచిక పెంచి, తర్వాత ఆ కోరికను చదువుతుంది. పరికరం తన కోరిక రాసి, తర్వాత డ్రైవర్ సూచికను మరోసారి చూస్తుంది. ఇరువైపులా రాతకూ చదువుకూ మధ్య పూర్తి బ్యారియర్ లేకపోతే ఇద్దరూ పాత విలువే చూడవచ్చు: కబురు అక్కర్లేదని డ్రైవర్, పనేమీ లేదని పరికరం అనుకుంటాయి. క్యూలో అభ్యర్థన ఉండగానే ఇద్దరూ నిద్రపోతారు. ఎప్పుడో వారానికోసారి డిస్కు బిగుసుకుపోయే ఇలాంటి లోపాన్ని పట్టుకోవడం అనుభవజ్ఞులకూ కష్టమే.

ఇంతకంటే లోతైన ప్రశ్న నమ్మకానిది. ఉమ్మడి పేజీలో ఉన్న విలువను పరీక్షించి, తర్వాత దాన్నే మళ్లీ చదివి వాడితే, ఆ రెండింటి నడుమ అవతలివారు దాన్ని మార్చవచ్చు. సోర్సులో ఒక్కసారే చదివినట్టున్నా కంపైలర్ రెండుసార్లు చదివే కోడ్ తయారుచేయగలదు. జెన్ హైపర్‌వైజర్ వాడే పరికరాల్లో ఇదే లోపం 2015 డిసెంబరులో ఎక్స్ఎస్ఏ-155 హెచ్చరికగా బయటపడింది. విలువను ఒక్కసారి సొంత మెమరీలోకి కాపీ చేసుకొని, ఆ కాపీనే పరీక్షించి, ఆ కాపీనే వాడడం దీనికి మందు. అడ్రసు మార్పిడిలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. వీహోస్ట్-యూజర్ పద్ధతిలో వర్చువల్ యంత్రాలను నడిపే క్యూఎమ్యూ తన అతిథి యంత్రపు మెమరీ ఫైల్ డిస్క్రిప్టర్లను సాకెట్ మీద పరికర ప్రాసెస్‌కు అందిస్తుంది. యూజర్‌స్పేస్‌లో ప్యాకెట్లను నడిపే డీపీడీకే లైబ్రరీ ఆ పద్ధతిని అమలు చేసినప్పుడు, అతిథి ఇచ్చిన అడ్రసు పరిధి మొదటి నుంచి చివరి దాకా ఎడతెగకుండా మ్యాప్ అయివుందో లేదో చూడలేదు. 2018లో సరిదిద్దిన ఈ లోపం వల్ల, అతిథి యంత్రం ఆ ప్రాసెస్‌లోని పరాయి మెమరీని తాకగలిగేది.

ఈ రెండు ఉదంతాల్లోనూ అనుమానించవలసింది డ్రైవర్‌ను. 2021లో లైనక్స్ 5.15లో చేరిన వీడ్యూస్ ఈ సంబంధాన్ని తిరగేసింది. బైట్‌డాన్స్ ఇంజినీర్ షియే యోంగ్‌జీ రాసిన ఈ వ్యవస్థలో డ్రైవర్ హోస్ట్ కెర్నెల్‌లోనే ఉంటుంది, పరికరం దాని పక్కనే ప్రాసెస్‌గా నడుస్తుంది. ఇప్పుడు జాగ్రత్తపడవలసింది కెర్నెల్. దాని ముందున్న మొదటి చిక్కు పేజీ పరిమాణం. మ్యాప్ చేయడం పేజీల లెక్కనే సాధ్యం. డ్రైవర్ పంచుకోవాలనుకున్న బఫర్ 512 బైట్లే అయినా, అదే పేజీలోని మిగతా 3,584 బైట్లలో కెర్నెల్ సొంత డేటా ఏదైనా ఉండవచ్చు. ఒక గదికని ఇచ్చిన తాళంచెవి ఇల్లంతా తెరిచినట్టవుతుంది.

అందుకని వీడ్యూస్ డేటా బఫర్లను నేరుగా పంచదు. కెర్నెల్ మామూలుగా 64 మెగాబైట్ల బౌన్స్ ప్రాంతాన్ని పక్కన పెట్టుకుంటుంది. ప్రాసెస్‌కు కనిపించేది ఆ పేజీలే. రాసే అభ్యర్థన వస్తే కెర్నెల్ డేటాను బౌన్స్ పేజీలోకి కాపీ చేసి ఆ అడ్రసు ఇస్తుంది. చదివే అభ్యర్థన ముగిశాక బౌన్స్ పేజీ నుంచి అసలు బఫర్‌లోకి కాపీ చేసుకుంటుంది. రింగులున్న పేజీలు మాత్రం పంచుకోవడానికే కేటాయించినవి గనుక వాటికి బౌన్స్ లేదు. కాపీని తప్పించడానికి పుట్టిన సంప్రదాయంలో కాపీ మళ్లీ వచ్చిందని కొందరికి వెనకడుగులా తోచవచ్చు. అది వెనకడుగు కాదు, సరైన నిర్ణయం. ఒక పేజీ కాపీకి పట్టే కాలం కొంచెం. కెర్నెల్ డేటా బయటికి పొక్కితే దాన్ని వెనక్కి తెచ్చుకునే దారి లేదు. అదే వీడ్యూస్ పరికరాన్ని వీహోస్ట్-వీడీపీఏ అనే కెర్నెల్ మార్గంలో వర్చువల్ యంత్రానికి తగిలిస్తే, బఫర్లు ఎలాగూ మరో యూజర్ ప్రాసెస్ మెమరీలోనే ఉంటాయి. అప్పుడు ఆ ప్రాంతపు ఫైల్ డిస్క్రిప్టర్‌నే అందిస్తారు, కాపీ ఉండదు. ఏఎమ్‌డీ ఎస్ఈవీ వంటి సాంకేతికతతో మెమరీని గుప్తీకరించిన వర్చువల్ యంత్రాల్లో అతిథి హోస్ట్‌ను నమ్మదు కాబట్టి అక్కడా బౌన్స్ బఫర్లే వాడతారు.

డేటాను కాపాడుకున్నా రింగులు ఉమ్మడే. యూజ్డ్ రింగ్‌లో ప్రాసెస్ వేసిన సంఖ్య క్యూ పరిమాణంలోపు ఉందో లేదో, అది నిజంగా పంపిన అభ్యర్థనదో కాదో డ్రైవర్ చూసుకోవాలి. డిస్క్రిప్టర్ పట్టికను రాసింది తానే అయినా దాన్ని తిరిగి చదివి నమ్మకూడదు. ప్రాసెస్ దాన్ని మార్చి ఉండవచ్చు. లైనక్స్ వర్టియో కోడ్ 2021 నుంచి అడ్రసు, పొడవు, గొలుసు వివరాలను విడిగా సొంత మెమరీలో ఉంచుకుంటోంది.

ప్రాసెస్ జవాబివ్వకపోతే ఏమిటన్నది మిగిలిన సంగతి. వీడ్యూస్‌లో కెర్నెల్ పంపే నియంత్రణ సందేశానికి మామూలుగా 30 సెకన్ల గడువుంటుంది. అది దాటితే పరికరం చెడిపోయినట్టు గుర్తిస్తారు. రెండు ప్రాసెస్‌ల మధ్య మరో ప్రమాదం ఉంది. ఒకరు ఉమ్మడి ఫైలును కుదిస్తే, పోయిన పేజీని తాకిన రెండోవారు సిగ్‌బస్ సిగ్నల్ తగిలి కూలిపోతారు. మెమ్‌ఎఫ్‌డీకి కుదించకుండా సీల్ వేసేది ఇందుకే. మరోవైపు, మెమరీ ప్రాసెస్‌కంటే ఎక్కువ కాలం బతుకుతుందన్నదాన్ని వీహోస్ట్-యూజర్ వరంగా మార్చుకుంది. తీసుకున్నా ముగించని అభ్యర్థనల జాబితాను విడి ఉమ్మడి ప్రాంతంలో రాస్తూ పోతే, పరికరం కూలి మళ్లీ లేచాక ఆ జాబితా చూసి పనిని కొనసాగిస్తుంది. అతిథి యంత్రానికి కాస్త ఆలస్యం తప్ప ఏమీ తెలియదు.

ఓపెన్ వీస్విచ్ అనే వర్చువల్ స్విచ్, ఎస్‌పీడీకే అనే స్టోరేజీ లైబ్రరీ వంటి వ్యవస్థలు ఈ పద్ధతుల మీదే నడుస్తున్నాయి. వీటిని నేర్చుకోదలచినవారు లైనక్స్ సోర్సులోని వీడీపీఏ డ్రైవర్లలో వీడ్యూస్ బౌన్స్ పేజీలను నిర్వహించే ఫైలును ముందుగా చదవడం మంచిది. అది కొన్ని వందల వరుసలే. ఏ బైట్లు పంచుకోవచ్చో, ఏవి కాపీ చేయాలో తేల్చే కోడ్ అంతా అందులో ఒకేచోట దొరుకుతుంది.