ముల్లు ఎవరి దిక్కు?

దొంగతనం గురించి గుడిలో ప్రసంగం జరిగినప్పుడల్లా వినేవాళ్లలో ఎక్కువమంది కూలీలే. కర్నూలు జిల్లా కోసిగి చుట్టుపక్కల పల్లెల్లో మా క్రైస్తవ సంఘాలంటే అంతే మరి. వానొస్తే సేద్యం, రాకపోతే సుగ్గి, అంటే వలస కూలి. దసరా దాటితే ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లను ఊళ్లో వదిలి మిగతావాళ్లు గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణ పత్తి చేలకు పోతారు. ఎనిమిదో ఆజ్ఞ చదివి, దొంగతనం చేయకండని వాళ్లకు చెప్పి దిగిపోతే ప్రసంగం సగమే అయినట్టు. మిగతా సగం వినవలసినవాళ్లు ఆ పూట గుడిలో ఉండరు.

ఆ మిగతా సగం బైబిల్లోనే ఉంది. లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయంలో దొంగతనం వద్దన్న కాసేపటికే, కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉండకూడదన్న కట్టడ వస్తుంది. ద్వితీయోపదేశకాండం ఇంకా గట్టిగా చెప్పింది: పొద్దు గూకకముందే ఇచ్చేయాలి, ఎందుకంటే వాడు బీదవాడు, దానిమీదే ఆశ పెట్టుకున్నాడు. ఆ తరువాతి అధ్యాయం సంచిలో రెండు రకాల పడికట్టు రాళ్లు పెట్టుకున్నవాణ్ని పట్టుకుంటుంది. కొత్త నిబంధనకు వస్తే యాకోబు పత్రికలో, పొలం కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి తానే మొరపెడుతుంది. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో ఈ ఆజ్ఞ ఏడోది, ఆజ్ఞల లెక్క వాళ్లది వేరు. దీన్ని వివరిస్తూ మార్టిన్ లూథర్ 1529 నాటి తన పెద్ద ప్రశ్నోత్తరిలో, అసలైన గజదొంగలు కుర్చీల్లో కూర్చుని పెద్దమనుషులుగా చలామణీ అవుతున్నారని మొహమాటం లేకుండా రాశాడు. మన ప్రసంగాల్లో ఆ కుర్చీల మాట ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

పత్తి ఏరితే కూలి కిలో లెక్కన. సాయంత్రం చేను గట్టున వేపకొమ్మకు స్ప్రింగు కాటా వేలాడదీస్తారు. ఒడిలో ఏరిన పత్తిని గోనెలో కుక్కి కొక్కేనికి తగిలిస్తారు. ముల్లు ఊగుతుంది. అది నిలిచేలోపే కాటా దగ్గరున్నాయన ఒక అంకె చెప్పేస్తాడు, ఇంకొకాయన నోటుబుక్కులో రాసేస్తాడు. అందులోంచి గోనె బరువని కొంత, తేమ అని కొంత తరుగు తీస్తారు. మంచు పడ్డ పొద్దున ఏరిన పత్తిలో తేమ ఉంటుంది, కాదనను. మిట్టమధ్యాహ్నం ఎండలో ఏరినదానికీ అంతే తరుగు తీస్తే దాన్ని ఏమనాలి? ముల్లు ఎక్కడ నిలిచిందో చూసుకుంటావా అని మా సంఘంలో ఒకామెను అడిగాను. "ముల్లు ఆయప్ప దిక్కు ఉంటాది సార్, మా దిక్కు ఉండదు" అంది. ఫిర్యాదు చేసినట్టు చెప్పలేదు. కాటా అంటే అట్లే ఉంటుందన్నట్టు చెప్పింది.

మనిషికి రోజుకు అర కిలో పోయిందనుకోండి. పెద్ద నష్టం కాదనిపిస్తుంది. ముప్పైమంది గుంపు, రెండు నెలల పని అని లెక్క కడితే తొమ్మిది క్వింటాళ్ల పత్తి ఏరిన కూలి అవుతుంది. ఏ ఇంటికీ కన్నం పడలేదు, ఏ పోలీసు స్టేషనులోనూ కేసు లేదు.

తూకం సరిగ్గా ఎలా వేయాలో నేను ఇంట్లోనే చూశాను. మా నాయనకు ఊళ్లో చిన్న అంగడి ఉండేది. ఇనుప రాళ్ల అడుగున ఒక గుంత ఉంటుంది. అందులోని సీసం మీద తూనికలు కొలతల శాఖవాళ్లు ముద్ర కొడతారు. ఆ సీసాన్ని గీకేస్తే రాయి బరువు తగ్గుతుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. అందుకని ఆయన రాళ్లను తిరగేసి, ముద్ర కనిపించేలా బల్లమీద వరసగా పెట్టేవాడు. ఎవరైనా ఎత్తి చూసుకోవచ్చు. తూచేటప్పుడు తక్కెడను కొనేవాళ్ల ముందుకు చాపి పట్టేవాడు. సరుకున్న చిప్ప కాస్త మొగ్గేదాకా పొట్లం కట్టేవాడు కాదు. దొంగత్రాసు గురించి సామెతల గ్రంథంలో ఉన్న మాటలు ఆయన నాకెప్పుడూ చదివి వినిపించలేదు. తక్కెడ ఎటు పట్టుకోవాలో మాత్రం చూపించాడు. నిజాయితీని నేను చేతిపనిగా నేర్చుకున్నాను. అది చేతిలో ఉన్నంత గట్టిగా మాటల్లో ఉండదని ఇన్నేళ్ల తరువాత కూడా నమ్ముతున్నాను.

మరి ఈ దేశంలో దొంగ అన్న ముద్ర ఎవరిమీద పడింది? మన కోసిగి మీదుగా పోయే మద్రాసు–బొంబాయి రైలు మార్గం 1871లో పూర్తయింది. నేరస్థ తెగల చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ఎరుకలవాళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్లు. రైళ్లు, ఉప్పు మీద సర్కారు పెత్తనం కలిసి ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. 1911లో ఆ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాక వాళ్ల పేర్లు రిజిస్టర్లకెక్కాయి, వేలిముద్రలు తీసుకున్నారు, ఊరు కదలాలంటే అనుమతి కావలసివచ్చింది. వాళ్లను కాపలాలో ఉంచేందుకు సెటిల్‌మెంట్లు పెట్టారు, 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న సిద్ధాపురంలోనూ ఒకటి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ, కావలి సెటిల్‌మెంటును నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. అంటే మనవాళ్లే.

వాళ్లు బడులు పెట్టారు, పని చూపించారు, ప్రార్థన నేర్పారు. ఆ మేలును తక్కువ చేయను. కానీ తల్లి కడుపులో ఉన్న బిడ్డను దొంగ అన్న చట్టానికి కాపలా కాయడం సువార్త పని కాదు. సిలువమీద తన పక్కన వేలాడిన నేరస్థుడికి యేసు పరదైసు మాట ఇచ్చాడు, ఏ తెగవాడివని అడగలేదు. ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ తరువాత స్టూవర్టుపురంలో మనుషుల్ని మనుషులుగా చూసి ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు హేమలత, లవణం దంపతులు. ఆమె కవి గుర్రం జాషువా కూతురు. ఇద్దరూ నాస్తికులు. ఈ సంగతి మన గుళ్లలో గౌరవంగా చెప్పుకోవాలి.

కుర్చీలో కూర్చున్న దొంగ మారితే ఎలా ఉంటుందో సువార్తలో జక్కయ్య చూపించాడు. ఆయన కథ మన పిల్లలందరికీ వచ్చు, యేసును చూడటానికి చెట్టెక్కిన పొట్టివాడిగా. అసలు విషయం చెట్టు దిగాక ఉంది. సుంకం వసూలులో ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. నిర్గమకాండం ప్రకారం గొర్రెను దొంగిలించి కోసుకున్నవాడో అమ్ముకున్నవాడో కట్టవలసిన జరిమానా అది. గొర్రె దొంగకు వేసే శిక్షను పెద్ద హోదాలో ఉన్న మనిషి తనకు తానే వేసుకున్నాడు. కన్నీళ్లతో క్షమాపణ అడగడం మన కూటాల్లో చాలా చూశాం. డబ్బు తిరిగి ఇచ్చినవాణ్ని చూడటం అరుదు.

కూలి చేసేవాళ్లకూ ఒక మాట చెప్పాలి. గోనె అడుగున మట్టిపెళ్ల వేయడం, పత్తిమీద నీళ్లు చిలకరించడం, ఇద్దరు రైతుల దగ్గర అడ్వాన్సు తీసుకుని ఒకరికి మొహం చాటేయడం, ఇవీ దొంగతనమే. బీదరికం వల్ల ఎందుకు చేశారో అర్థమవుతుంది, చేసింది ఒప్పు అయిపోదు. ఎఫెసీ సంఘానికి రాస్తూ పౌలు దొంగతనం మానమని చెప్పి ఆగలేదు. చేతులతో కష్టపడమన్నాడు, అదీ అక్కరలో ఉన్నవాడికి పెట్టేందుకు అన్నాడు. నిన్నటి దొంగను రేపటి దాతగా చూడగలిగిన కళ్లు ఆయనవి. పెట్టడం అనేది మా ఆడవాళ్లకు కొత్త కాదు. అన్నానికి ఎసరు పెట్టేముందు దేవుడి పేర పిడికెడు బియ్యం తీసి పక్కనపెట్టే అలవాటు తెలుగు సంఘాల్లో తరాలుగా ఉంది. తరుగు పోగా మిగిలిన కూలితో కొన్న బియ్యంలోంచి ఆ పిడికెడు వస్తోంది.

ఏటా దసరా వస్తే గుంపులు కట్టే రోజులు దగ్గరపడతాయి. పాస్టర్లకు నా మనవి: జనం ఊరు విడవకముందే ఒక ఆదివారం ఈ ఆజ్ఞ మీద పూర్తి ప్రసంగం చేయండి, గుంపును పనికి తీసుకుపోయే మేస్త్రీలను ముందు వరసలో కూర్చోబెట్టండి. మేస్త్రీలూ, మీలో చాలామంది మన ఊళ్లవాళ్లే, మన బంధువులే. కాటా ముల్లును ఏరినామె దిక్కు తిప్పండి. అది నిలిచాక అంకె చదవండి. ఆ అంకెను ఆమె దగ్గరుండే పుస్తకంలోనూ రాయండి. ఏ రోజు లెక్క ఆ రోజు, పొద్దు గూకకముందే తేల్చండి.